పసుపుకాయల కంచెకు నీళ్ళు పెట్టినవాడు

మునిసిపల్ పార్కుల్లో, ఆఫీసుల ముందు, పెళ్ళిమండపాల గేట్ల పక్కన ఒక కంచె మొక్క కనిపిస్తుంది. ఏడాది పొడుగునా ఆకు రాల్చదు. ఊదారంగు పూలు కిందికి వేలాడతాయి. పూలు పోయాక శనగగింజంత పసుపు కాయలు గుత్తులు గుత్తులుగా కాసి, నెలల తరబడి కొమ్మల మీదే ఉంటాయి. డురాంటా అంటారు దాన్ని. మా మనవరాలు ఆ మధ్య ఒక గుత్తి చూపించి, "తాతా, ఎంత బాగుందో చూడు" అంది. చూశాను. ఒళ్ళు మండిపోయింది. పసిదాని ముందు ఏమీ అనలేక, "ఆ కాయలు నోట్లో పెట్టుకోకు, విషం" అని మాత్రం చెప్పి ఇంటికి లాక్కొచ్చాను.

మొక్క మీద కాదు నా కోపం. అదేం చేసింది పాపం? ఎక్కడ నాటితే అక్కడ పెరిగింది. కోపం మా ఆఫీసరు మీద. ఆయన చెప్పిన ప్రతి మాటకీ తలాడించిన మా గుమాస్తా మీద. అందరికంటే ఎక్కువ, ఆ రోజుల్లో ఇస్త్రీ చొక్కా వేసుకుని జేబులో పెన్ను పెట్టుకుని తిరిగిన ఒక ఫీల్డ్ అసిస్టెంటు మీద. ఆ ఫీల్డ్ అసిస్టెంటు నేనే.

నేను రిటైరైన రోజున శాలువా కప్పి, సన్మానపత్రం చదివారు. "నిజాయితీకి మారుపేరు" అని అందులో రాశారు. లేచి ఆ పత్రం లాక్కుని చింపెయ్యాలనిపించింది. చింపలేదు, చేతులు జోడించి దణ్ణం పెట్టాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రవాళ్ళు మీరంతా "మీ అనుభవాలు చెప్పండి సార్" అంటుంటారు గదా. చెబుతాను, వినండి. విన్నాక కూడా నన్ను సార్ అని పిలవాలనిపిస్తే మీ ఇష్టం.

యాభైల చివర్లో నాకు ఉద్యోగం వచ్చింది. నెల్లూరు జిల్లాలో కోట అనే ఊరు దాటి సముద్రం వైపు పోతే ఇసుక పర్రల్లో మా శాఖ వాళ్ళ నర్సరీ ఒకటి ఉండేది. సరుగుడు నారు పెంచి రైతులకు ఇవ్వడం అక్కడి అసలు పని. పక్కనే పెద్దవాళ్ళు వస్తే దిగడానికి ఒక బంగళా. ఎటు చూసినా ఇసుక, తాటిచెట్లు, ఎప్పుడూ ఆగని గాలి. అన్నంలో ఇసుక, పక్కలో ఇసుక, రిజిస్టర్లలో ఇసుక. నేను వ్యవసాయ పాఠశాలలో డిప్లొమా పూర్తి చేసి వచ్చినవాణ్ణి. ఆ డిప్లొమాకి ఫ్రేము కట్టించి పెట్టెలో తీసుకుపోయానంటే నా పొగరు ఎంతో మీకే తెలుస్తుంది.

నర్సరీకి నీళ్ళు మోసే మనిషి ఒకడుండేవాడు. నలభై దాటిన మనిషి, పులికాట్ సరస్సు వైపు చేపలు పట్టే పల్లె ఆయనది. ఒకసారి వల విదిలిస్తుంటే చేప ముల్లు అరచేతిలో దిగి, చీము పట్టి, కుడిచేతి వేళ్ళు ముడుచుకోకుండా అయిపోయాయి. వాళ్ళ పల్లెలో ఒక కట్టుబాటు ఉంది. వల లాగినవాడికే పట్టిన చేపల్లో పాలు. లాగనివాడికి జాలిపడి పెడితే పెట్టినట్టు, లేకపోతే లేదు. ఆ జాలి కూడు తినలేక ఊరు వదిలి వచ్చి, మా నర్సరీలో దినకూలీగా చేరాడు. వేళ్ళు పనిచెయ్యకపోతేనేం, భుజం పనిచేస్తుంది గదా. కావడికి రెండు కుండలు కట్టుకుని నీళ్ళు మోసేవాడు. నేను చేరేటప్పటికే ఎనిమిదేళ్ళుగా మోస్తున్నాడు.

అక్కడ నీళ్ళ సంగతి మీకు చెప్పాలి, లేకపోతే తక్కినదేదీ అర్థం కాదు. సముద్రం పక్కన ఇసుకలో నడుము లోతు తవ్వితే మంచినీళ్ళు ఊరతాయి. ఆ గుంటని మా వైపు దొరువు అంటారు. వానలకు ఇంకిన తియ్యటి నీరు పైన తేలి ఉంటుంది, దాని కింద అంతా ఉప్పునీరే. పైపైన మెల్లగా తోడుకున్నంతకాలం దొరువు ఎండాకాలంలో కూడా మనిషిని బతికిస్తుంది. ఆశపడి లోతుగా తవ్వినా, ఒక్కసారిగా తోడినా, కింది ఉప్పు పైకొస్తుంది. ఇదంతా నా డిప్లొమా పుస్తకాల్లో లేదు. ఆయన చెబితేనే తెలిసింది.

రోజూ పొద్దున్నే ఆయన దొరువులోకి దిగి, ఒక పుడిసెడు నీళ్ళు నోట్లో పోసుకుని, పుక్కిలించి ఉమ్మి, అప్పుడు కుండ ముంచేవాడు. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. మధ్యలో చచ్చినా ముంచనిచ్చేవాడు కాదు. నేను మొదట్లో నవ్వేవాణ్ణి.

"ఏమయ్యా, రోజూ రుచి చూస్తావు, నీళ్ళా కల్లా?"

"నవ్వండి సామీ, నవ్వండి. దొరువు ఆవుమాదిరి. పిండుకుంటే పాలిస్తాది. పీక్కుంటే తంతాది."

ఒక ఆదివారం ఆయన వాళ్ళ గుడిసెకి తీసుకుపోయి చేపల పులుసుతో అన్నం పెట్టించాడు. మా నాన్న పల్లెల్లో తిరిగి వాక్యం చెప్పే ఉపదేశి. ఎవరి ఇంట్లో ఏది పెట్టినా ప్రార్థన చేసి తినమని నేర్పించాడు. నీళ్ళు మోసే ఆయన భార్య, "మా ఇంట్లో తింటారో తినరో అనుకున్నా" అంటూనే నాలుగుసార్లు వడ్డించింది. అంత పులుసు నేను జన్మలో తినలేదు. ఆనాటి నుంచీ ఆయన్ని "అన్నా" అని పిలిచేవాణ్ణి. ఆ పిలుపు గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే తరవాత నేను చేసింది అన్నా అని పిలుస్తూనే చేశాను.

అరవైల మొదట్లో మాకు కొత్త ఆఫీసరు వచ్చాడు. డెల్టాలో కాలవ నీళ్ళ కింద పుట్టి పెరిగిన మనిషి. తూము ఎత్తితే నీళ్ళు వస్తాయి, దించితే ఆగుతాయి, నీళ్ళంటే ఆయనకు తెలిసింది అంతే. వస్తూనే బంగళా ముందు నిలబడి, "ఏమిటయ్యా ఈ ఎడారి? బెంగుళూరులో బంగళాల ముందు చూశాను, పసుపు కాయల కంచెలు, కళ్ళు చెదిరిపోతాయి. గేటు నుంచి మెట్ల దాకా రెండు వైపులా అది పెంచండి" అన్నాడు.

మా నీళ్ళ అన్న పక్కనే కావడి దించుతున్నాడు. "అయ్యా, ఈ ఇసకలో మన వాకచెట్లు నాటితే సరిపోతాది గదా. అది గూడా ఎప్పుడూ పచ్చంగానే ఉంటాది. ఎర్రటి కాయలు. ఉప్పు గాలికి గూడా చావదు. కాయలు ఊరగాయకి గూడా పనికొస్తాయి" అన్నాడు.

ఆఫీసరు ఆయన వైపు చూడనైనా చూడలేదు. నా వైపు తిరిగి, "బంగళా ముందు ఊరగాయ తోటా?" అని నవ్వాడు. గుమాస్తా నవ్వాడు. నేనూ నవ్వాను.

సరే, మొక్కలు వచ్చాయి. నిజం చెప్పొద్దూ, ఆ పనిలో నాకు ఆనందం కూడా కలిగింది. తెప్పించిన నాలుగు తల్లి మొక్కల నుంచి పెన్సిలంత లావు కొమ్మలు జానెడేసి కోసి, తాటాకు పందిరి కింద ఇసుకలో గుచ్చాం. సగం ఎండిపోయాయి. మిగిలినవి చిగురించాయి. వానలు తగ్గాక కంచె వరసలో నాటాం. ఒక్కొక్క మొక్క దగ్గర సముద్రం వైపు తాటిమట్ట ఆనించింది ఆ అన్నే. పెంటఎరువు వేసింది ఆయనే. నేను చేసిందల్లా కత్తెర పట్టుకోవడం. ఈ మొక్కతో చిక్కేమిటంటే, చదరంగా కత్తిరిస్తే కంచె అందంగా ఉంటుంది గానీ కాయలు రావు. పూలు కొత్త కొమ్మల చివర వస్తాయి, చివర్లు కోసేస్తే ఇంకెక్కడి కాయలు? అందుకని పక్కలు మాత్రం సరిచేసి, పైకొమ్మలు వంగి వేలాడేట్టు వదిలేశాం. రెండో ఏడు మొదటి గుత్తులు పసుపెక్కాయి. ఆ పొద్దున అన్న భార్య ఎండుచేపల గంప దించుకుని మరీ వచ్చి చూసింది. "మాయదారి కాయలు, తినడానికి పనికిరావు గానీ చూడ్డానికి ఎంత బాగుండాయి" అంది. ఆయన కావడి కొయ్య మీద చేతులు ఆనించి అలాగే నిలబడి చూశాడు.

ఆ ఏడే నర్సరీకి ఒక పర్మనెంటు తోటమాలి పోస్టు మంజూరైంది. వరసలో మొదటి పేరు ఆయనదే. పోస్టు వస్తే నెలజీతం, ముసలితనంలో పింఛను, పల్లెలో ఎవరి జాలీ అక్కర్లేని బతుకు. ఆఫీసరు, "చూద్దాం, ఈ ఎండాకాలం పెద్దాయన వస్తున్నారు, అది బాగా జరిగితే సంతకం పెడతాను" అన్నాడు. పెద్దాయన అంటే అప్పటి మంత్రుల్లో ఒకరు. అది మొదలు మా అన్నకి కంటిమీద కునుకు లేదు. కంచెలో ఏ ఒక్క మొక్క వాడినా తన పోస్టు వాడినట్టే అనుకున్నాడు.

రోహిణి కార్తెలో పెద్దాయన రాక ఖాయమైంది. మా ఆఫీసరుకి భయం పట్టుకుంది, ఎండకి కాయలు ముడతలు పడతాయేమోనని. "కావడి నీళ్ళు ఏ మూలకయ్యా? ఆయిల్ ఇంజను పెట్టండి. దొరువు రెండు నిలువుల లోతు తియ్యండి. రోజంతా నడవాలి" అన్నాడు.

అన్న పరుగెత్తుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. "సామీ, మీరన్నా చెప్పండి. నడుము దాటి తవ్వితే చాలు, ఉప్పు పైకొస్తాది. కంచంతా సస్తాది. నేను ఇంకా ఇద్దరు కూలోళ్ళని పిలుచుకొని మోస్తా. కాయలు రాలకుండా చూసే పూచీ నాది. ఇంజను మాత్రం వద్దని చెప్పండి సామీ."

"నేను చెబితే వింటాడా అన్నా?"

"మీరు సదువుకున్నోళ్ళు. నేను చెప్తే వినడు, మీరు చెప్తే వింటాడు. ఒక్క మాట. నా పోస్టు పోతాది సామీ."

నేను ఆఫీసరు గదిలోకి వెళ్ళాను. వెళ్ళి, "సార్, లోతుగా తీస్తే నీళ్ళు కొంచెం..." అన్నాను. ఆయన తలెత్తాడు. "కొంచెం ఏమిటి?" అన్నాడు. నేను, "కొంచెం చల్లగా ఉంటాయి సార్, మొక్కలకి మంచిది" అని బయటికొచ్చాను. ఇది నేను కల్పించి చెబుతున్నది కాదు. నా నోటితో నేనే అన్నాను. బయట గుమాస్తా వీపు తట్టి, "బతకనేర్చినవాడివి" అన్నాడు.

ఇంజను వచ్చింది. మూడు రోజులు ధారగా నీళ్ళు. ఆఫీసరు కుర్చీ వేయించుకుని కూర్చుని, ఆ ధారను చూసి మురిసిపోయాడు. వారం తిరక్కుండా ఆకుల అంచులు గోధుమరంగుకి తిరిగాయి. మర్నాటికి అంచు నుంచి మధ్యకి పాకింది. ఇక్కడే చదువుకున్నవాళ్ళం అందరం కలిసి తప్పులో కాలేశాం. ఉప్పు తగిలిన ఆకు, నీళ్ళు చాలని ఆకు చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. "ఎండకి మాడుతున్నాయి, ఇంకా పెట్టండి నీళ్ళు" అన్నాడు ఆఫీసరు. "ఇంకా పెట్టు" అన్నాను నేను. మాడేకొద్దీ పెట్టాం, పెట్టేకొద్దీ మాడింది.

అన్న ఒక పొద్దున నా చెయ్యి పట్టుకుని దొరువు దగ్గరికి లాక్కుపోయాడు. అంత చనువు ఎప్పుడూ తీసుకోలేదు. దోసిట్లో నీళ్ళు పట్టి నా మొహం ముందు పెట్టాడు. "తాగు" అన్నాడు. సామీ లేదు, అయ్యా లేదు.

తాగాను. ఉమ్మేశాను. సముద్రం నీళ్ళకీ దానికీ తేడా లేదు.

"ఇప్పుడు తెలిసిందా?" అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు. "ఇప్పుడన్నా పోయి చెప్పు."

నాకు తెలిసింది. ఏదో సాకు చెప్పి ఇంజను ఆపించాను, అంతే. మూల కారణం మాత్రం ఆఫీసరుతో చెప్పలేదు. చెబితే, "మొదట్లో ఎందుకు చెప్పలేదు?" అంటాడు. చల్లగా ఉంటాయన్నది నేనే గదా. మింగలేక కక్కలేక ఊరుకున్నాను.

పెద్దాయన వచ్చే ముందు రోజుకి కంచె మీద ఆకు లేదు, కాయ లేదు. గేటు నుంచి మెట్ల దాకా రెండు వైపులా ఎండు పుల్లలు. ఆఫీసరు రంకెలు వేశాడు. కాసేపటికి గుమాస్తాకి ఒక దివ్యమైన ఆలోచన వచ్చింది. వేపపండ్లు! పసుపురంగు, దాదాపు అంతే పరిమాణం, పైగా అప్పుడే పండటం మొదలైన కాలం. చుట్టుపక్కల వేపచెట్లన్నీ దులిపించారు. కూలి ఆడవాళ్ళు వరసగా కూర్చుని వేప రెమ్మల్ని తాటినారతో ఆ ఎండు పుల్లలకి కట్టారు. నేను పక్కన నిలబడి, "కొంచెం వంపుగా కట్టమ్మా, వేలాడుతున్నట్టు ఉండాలి" అని సలహాలు ఇచ్చాను. డిప్లొమా చదివినవాణ్ణి గదా, సహజంగా ఉండాలని నా తాపత్రయం. అన్న ఆ పని చెయ్యనన్నాడు. తాటిచెట్టు కింద కూర్చుని చూస్తూ ఉన్నాడు. "అది నా కంచె కాదు" అన్నాడు.

మర్నాడు పెద్దాయన పది గంటలకు దిగాడు. ఖద్దరు కట్టిన పల్లెటూరి రైతు, మంత్రి అయినా నడక మారలేదు. ఆయన కంటే ముందు కాకులొచ్చాయి. పండిన వేపపళ్ళ వాసన తగిలితే కాకి ఊరుకుంటుందా? చుట్టుపక్కల కాకులన్నీ మా కంచె మీదే వాలాయి. కూలీలు ఒకవైపు తోలుతుంటే రెండోవైపు వాలుతున్నాయి. పెద్దాయన ఆగి, ఒక గుత్తి చేతిలోకి తీసుకున్నాడు. తాటినారతో సహా ఊడి వచ్చింది. ఒక పండు నలిపి చూశాడు, వాసన చూశాడు.

"ఏమయ్యా ఆఫీసరూ, వేపచెట్టుకి ఈ జబ్బు ఎప్పుడు చేసింది? ఇంత పొట్టిదైపోయింది" అన్నాడు.

వెనకాల వచ్చినవాళ్ళంతా పడీ పడీ నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. "అసలు మొక్క ఎందుకు చచ్చిందో కనుక్కుని నాకు రాసి పంపండి" అని, కొబ్బరినీళ్ళు కూడా తాగకుండా కారెక్కి పోయాడు.

పెద్దాయన అడిగింది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు మూడు ముక్కల్లో రాయొచ్చు. దొరువు లోతు తవ్వించాం, ఉప్పు వచ్చింది, చచ్చింది. ఆ మూడు ముక్కలు రాయడానికి మా ఆఫీసులో ఎవరికీ చెయ్యి రాలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, ఆఫీసరు మర్నాడే అన్నాడు, "నీళ్ళు మోసేవాడు సరిగ్గా పెట్టి ఉండడు. వాడి దగ్గర వాంగ్మూలం తీసుకోండి."

వాంగ్మూలం ఆఫీసరు చెబుతుంటే రాసింది నేనే. నా దస్తూరి ముత్యాల్లా ఉంటుందని ఆఫీసంతా పేరు. "నేను ఎండాకాలంలో నా సొంత పని మీద సరస్సుకు పోతూ, కంచెకు నీళ్ళు పెట్టడంలో అశ్రద్ధ చేసినాను. ఆ కారణంగా మొక్కలు ఎండిపోయినవి. ఇందులో ఇంకెవరి తప్పూ లేదు." ఇదీ వరస. రాస్తుంటే చెయ్యి వణికిందని చెబితే మీకు నా మీద కాస్త జాలి కలుగుతుంది. వణకలేదు. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చాయి. అబద్ధ సాక్ష్యం చెప్పకూడదన్న ఆజ్ఞ మా నాన్న నాకు ఆరేళ్ళప్పుడే కంఠతా పట్టించాడు. అబద్ధ సాక్ష్యం రాయడం గురించి అందులో లేదనుకున్నానేమో.

అన్నకి చదువు రాదు. లోపలికి పిలిచాం. గుమాస్తా సిరాపెట్టె ముందుకు తోశాడు. అన్న నా వైపు చూశాడు, ఒక్క నా వైపే.

"ఏం కాయితం సామీ ఇది?"

గుమాస్తా కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆఫీసరు ఏదో ఫైలు తిరగేస్తున్నాడు. నేనే చెప్పాలి.

"పెట్టన్నా, మంచికే. పోస్టు కాగితాలతో పాటు పోతుంది" అన్నాను.

ముడుచుకోని ఆ కుడిచేతి వేలితో సరిగ్గా పడలేదు. ఎడమచేతి బొటనవేలు పెట్టించాం. పెట్టి, వేలు తలకి రాసుకుని, నాకు దణ్ణం పెట్టి పోయాడు.

ఆ నెలాఖరుకి ఆయన పేరు మస్టరు నుంచి కొట్టేశారు. పోస్టు ఆఫీసరు బంధువు ఒకడికి పోయింది. నేను ఆ రోజు జ్వరమని సెలవు పెట్టాను. జ్వరం లేదు. ఇంకో రెండు నెలలకి నాకు ప్రమోషను మీద నెల్లూరు బదిలీ అయింది. పెళ్ళయింది, క్వార్టర్సు ఇచ్చారు, బతుకు బాగానే గడిచింది. గుమాస్తా చెప్పింది నిజం, నేను బతకనేర్చినవాణ్ణే.

ఏడాది దాటాక ఒక సాయంత్రం ఆయన మా క్వార్టర్సు వెతుక్కుంటూ వచ్చాడు. చిక్కిపోయాడు. చిట్టమూరు మీదుగా బస్సులో కొంత, నడిచి కొంత వచ్చాడట. నా భార్య మంచినీళ్ళిచ్చింది. తాగి, చెంబు కింద పెట్టి, నేరుగా అడిగాడు.

"ఆ కాయితంలో ఏం రాసినావు?"

"అదేదో ఆఫీసు వ్యవహారం అన్నా..."

"నాకు తెలిసింది. కొత్తగా వచ్చిన ఆఫీసరు సదివి ఇనిపించినాడు. నీళ్ళు పెట్టలేదని నేనే ఒప్పుకున్నానంట. పది పన్నెండేండ్లు నీళ్ళు మోసినోడు నీళ్ళు పెట్టలేదని రాస్తివి. నా వేలు పట్టుకొని పెట్టిస్తివి. మా ఇంట్లో కూడు తిన్నోడివి గదయ్యా నువ్వు!"

గొంతు పెద్దది చేశాడు. పక్క క్వార్టర్సు వాళ్ళు తొంగి చూశారు. నాకు అప్పుడు కూడా సిగ్గు వాళ్ళని చూసే. మెల్లగా మాట్లాడమన్నాను.

"మెల్లగానే మాట్లాడినా ఇన్నాళ్ళూ. పల్లెలో మళ్ళీ జాలి కూడు తింటుండా. ఇప్పుడొచ్చినాయన మంచోడు. జరిగింది జరిగినట్టు, ముందు రాసినాయన చేతనే రాయించి కాయితం తెస్తే, మళ్ళీ పనిలోకి తీసుకుంటానన్నాడు. ఉప్పునీళ్ళ సంగతి రాసియ్యి. ఒక్క కాయితం. నేను ఇంకేం అడగను. నీ ఉజ్జోగం మీదికి రాదని ఆయన గూడా చెప్పినాడు."

ఉద్యోగం మీదికి రాదని ఆయన చెప్పాడు. నేను మాత్రం రాత్రంతా ఆలోచించాను, వస్తుందేమోనని. రాస్తే నా సర్వీసు రిజిస్టర్లో మచ్చ పడుతుందేమో, రెండో ప్రమోషను ఆగుతుందేమో. ఆయనకేమో ఆ సాయంత్రమే, "తప్పకుండా అన్నా, ఆదివారం రా, రాసి పెడతాను" అని చెప్పి పంపించాను. ఆయన గుమ్మం దిగుతూ మా ఆవిడతో, "వస్తానమ్మా, ఆదివారం వస్తా" అన్నాడు. మొహంలో కొంచెం తేట వచ్చింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, చొక్కా విప్పుతున్నాను. గేటు చప్పుడైంది. కిటికీ సందులోంచి చూశాను. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. నా దగ్గర కాగితం ఉండదనుకున్నాడో ఏమో, తెల్లకాగితం ఒకటి చుట్ట చుట్టి, నలగకుండా రెండు చేతులా పట్టుకుని వచ్చాడు.

నేను రాయలేదు. ఒక్క అక్షరం రాయలేదు. మా ఆవిడతో గుసగుసగా, "క్యాంపుకి పోయారని చెప్పు" అన్నాను. ఆమె నా మొహం చూసింది. "పోయి చెప్పు" అన్నాను. వెళ్ళింది. నేను తలుపు వెనకాల గోడకి ఆనుకుని నిలబడ్డాను. వాళ్ళ మాటలు సరిగా వినపడలేదు. కాసేపటికి గేటు మళ్ళీ చప్పుడైంది.

ఆమె లోపలికి వచ్చింది. నేరుగా వంటింట్లోకి పోతుంటే ఆపి అడిగాను, ఏమన్నాడని.

"మెట్టు మీద మీరు విడిచిన చెప్పులు చూసినాడు. చానాసేపు చూసినాడు. 'అయ్యగారు క్యాంపుకి ఒట్టి కాళ్ళతో పోయినారా అమ్మా' అని అడిగి పోయినాడు."